కొలత పక్కన కాస్త చోటు

జనవరి ఒకటిన మా బొమ్మలన్నీ గడ్డకట్టాయి.
చలికి కాదు, లైసెన్సు తీరిపోయి.
ఆరువందల పన్నెండు ఫైళ్లు:
బ్రేకు గూడు, తలుపు కీలు, గంట కొట్టే పిడి.
కొలిచింది మేమే, గీసింది మేమే.
తాళంచెవి మాత్రం పరాయివాడి జేబులో.

లియెపాయాలోనే గాలి పుడుతుందంటారు.
పుట్టగానే అది మా ట్రామ్ షెడ్డులోకే దూరుతుంది.
నూట పద్నాలుగో నంబరు బండి
వెనక తలుపు మూసుకోవడం లేదు.
దాన్ని చేసిన దేశం ఇప్పుడు పటంలో లేదు.
కీలు విరిగితే మేమే గీసుకోవాలి,
మేమే కోసుకోవాలి.

గిర్ట్స్ ఒక సాఫ్ట్‌వేర్ దింపాడు,
ముఖం తెలియని మనుషులు రాసి పంచిపెట్టినది.
"ఉచితం, విజ్మా" అన్నాడు.
ఉచితమని కాదు నాకు నచ్చింది.
విప్పి లోపల చూడొచ్చన్నాడు, అందుకు.
దేన్నైనా విప్పితే తప్ప నిద్రపట్టని మనిషిని.

మూడు వారాలు దానితో కాపురం చేశాను.
రాసేవాళ్లు ఎక్కడున్నా వినండి.

ఒక అంచు గుండ్రం చేయగానే
మిగతా ముఖాల పేర్లు మరిచిపోకండి.
నిన్న ఆరో ముఖానికి బెజ్జం వేశాను.
ఇవాళ అవతలి మూల కాస్త నున్నన చేశాను.
బెజ్జం వెళ్లి గాల్లో వేలాడుతోంది.
విందు జరిగిన ఇంటి గుమ్మంలో
బూట్లు మారిపోయినట్టు ముఖాలు మారిపోతే
నేనెవరిని అడగను?

కుదరనప్పుడు "కుదరలేదు" అని ఊరుకోకండి.
ఏ గీత అడ్డొచ్చిందో చూపించండి.
మా అమ్మ సైతం
కారణం చెప్పే తిట్టేది.

నా కంప్యూటరు వయసు పదకొండేళ్లు.
దాన్ని నలుగురిలో అవమానించకండి.

కొత్త భాగాన్ని గీయడం తేలిక.
నా చేతిలో ఉన్నది నలభై ఏళ్లు అరిగింది,
ఒక పక్కే ఎక్కువ అరిగింది,
జనం ఎప్పుడూ ఒక పక్కనుంచే తోసుకొస్తారు గనక.
ఆ అరుగుదలను కూడా గీయనివ్వండి.

మరో ఇరవై ఏళ్లకి, మీరూ నేనూ లేకపోయినా
ఫైలు తెరుచుకోవాలి.
బొమ్మ రాకపోతే పోయె,
అంకెలైనా అంకెల్లా కనబడాలి.

ఇంకా చాలా రాసుకున్నాను, రెండు కాగితాలు.
అప్పుడు పాత బీరువా కింది అర లాగితే
ఆర్వీడ్స్ గీసిన కీలు దొరికింది.
పసుపుబారిన పల్చటి కాగితం, నల్ల సిరా,
వెంట్రుకకి వెంట్రుక దూరంలో గీతలు.
ఇరుసు: పన్నెండు మిల్లీమీటర్లు.
పక్కన పెన్సిలుతో, పిచ్చుక అడుగులంత అక్షరాలు:
"పన్నెండు పెట్టకు. పదకొండు పాయింట్ ఎనిమిది.
ఫిబ్రవరిలో పట్టేస్తుంది."
దాని కింద ఎర్ర పెన్సిలుతో ఇంకెవరో:
"నిజమే. పోయినేడు చూశాను."
ఆ రెండో చెయ్యి ఎవరిదో
గిర్ట్స్‌కి తెలియదు, నాకూ తెలియదు.

తెరమీద నా పన్నెండు దగ్గరికి పోయి చూశాను.
చిన్న పెట్టె, పెట్టెలో అంకె.
అంకె చుట్టూ ఊపిరి తీసుకునే జాగా లేదు.

కాబట్టి రెండు కాగితాలూ చింపేసినా సరే,
ఇదొక్కటి చేయండి:
ప్రతి కొలత పక్కన కాస్త చోటు.
ఎందుకలా పెట్టానో నేను రాసుకోవడానికి,
తర్వాత వచ్చేవాళ్లు నిజమేననో, కాదు పొమ్మనో
ఇంకో రంగులో రాయడానికి.

ఊరికే అడగడం బాగుండదని
నా వంతుగా ఒక మాట దిద్ది పంపాను.
లాత్వియన్ మెనూలో బెజ్జాన్ని గుంట అన్నారు.
గుంట రోడ్డు మీద ఉంటుంది, ఇనుములో కాదు.
పదిరోజులకు మోంటెవిడియో నుంచి
ఎవాంహెలీనా అనే ఆవిడ జవాబు:
"చేర్చేశాం. మీ దగ్గర చలి ఎంత?"

పదకొండు పాయింట్ ఎనిమిది, అని రాశాను.